ఊరి నీళ్ల లెక్క పొదుపు సంఘం చేతికి తెచ్చుకోవడం ఎలా?

ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురం... నెల్లూరు జిల్లా మెట్టలో ఏ ఊరికైనా వెళ్లి "మీకు నీళ్ల సంగతేంది?" అని అడిగి చూడండి. మగవాళ్లు వెలిగొండ ప్రాజెక్టు దగ్గర మొదలుపెట్టి సోమశిల డ్యాము మీదుగా నేరుగా రాజకీయాల్లోకి పోతారు. ఆడవాళ్లు మాత్రం ఫలానా బోరింగు నీళ్లతో పప్పు ఉడకదనీ, చివరి వీధి కొళాయి ఏడింటికి సన్నగా వచ్చి ఏడుంపావుకి ఆగిపోతుందనీ, ట్యాంకు కడిగింది ఎప్పుడో ఎవరికీ గుర్తులేదనీ చెబుతారు. పనికొచ్చేది ఈ రెండో రకం సమాచారమే. కాకపోతే అది నోటిమాటగా ఉన్నంతకాలం ఆఫీసులో దానికి విలువ ఉండదు. అక్కడి ఫైల్లో "అన్ని ఇళ్లకూ కొళాయిలు ఇచ్చాం" అని ఉంటుంది. మీరు వెళ్లి "రావట్లేదు సార్" అంటారు. ఏది నెగ్గుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే ఇక్కడ చెప్పేదంతా కాగితం గురించి. ఈ జిల్లా ఆడవాళ్లకి పుస్తకం రాయడం కొత్తేమీ కాదు. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం తెప్పించింది. సారాకి పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామని ఆ ఊపులోనే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. నెలనెలా మీటింగు, తీర్మానం, సంతకాలు, వేలిముద్రలు అప్పటి నుంచీ అలవాటే. ఆ అలవాటునే నీళ్ల మీదికి మళ్లించాలి. కనిగిరి, పామూరు, సీఎస్ పురం వైపు వాళ్లకి కూడా ఇందులో ఒక్క మాట మార్చక్కర్లేదు.

ముందు రెండు వారాల పుస్తకం

ఒక లాంగ్ నోట్‌బుక్కు కొని సంఘం మీటింగులో తీర్మానం రాసి మొదలుపెట్టండి. మీటింగు పగటిపూట పెట్టకండి. ఉపాధి పనికో పొగాకు బ్యారన్‌కో పోయినవాళ్లు రాలేరు. రాత్రి అన్నాలయ్యాక అయితేనే అందరూ కూర్చుంటారు.

నాలుగైదుగురికి రాసే బాధ్యత ఇవ్వండి. అందరూ ట్యాంకు పక్కవాళ్లే అయితే లెక్క తప్పుతుంది. పైపులైను మొదట్లో ఒకరు, మధ్యలో ఒకరు, చిట్టచివర ఒకరు ఉండాలి. ఎస్సీ కాలనీ నుంచి, యానాదుల గుడిసెలుంటే అక్కడి నుంచి తప్పకుండా ఒకరు ఉండాలి. దాదాపు ప్రతి ఊళ్లోనూ లైను చివర ఉండేది వాళ్లే. రాయడం రానివాళ్లు చెబుతుంటే బడికి వెళ్లే పిల్ల రాస్తుంది, ఇబ్బందేం లేదు.

రోజూ రాయాల్సినవి: తేదీ, కొళాయి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి ఆగింది, ఎన్ని బిందెలు నిండాయి, రంగు గానీ వాసన గానీ ఉందా, చాలకపోతే ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు, ఎవరు మోశారు, పోయి రావడానికి ఎంతసేపు పట్టింది. "ఎవరు మోశారు" అన్న గడి వదిలేయొద్దు. గర్భిణీ పేరో, ఏడో తరగతి పిల్ల పేరో నాలుగు రోజులు వరసగా ఆ గడిలో కనిపిస్తే అది చదివే అధికారి కాసేపు ఆగుతాడు.

బిందె ఎన్ని లీటర్లదో లీటరు సీసాతో ఒక్కసారి కొలుచుకోండి. ఇంటింటికీ కొళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు రావాలి. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బిందెలు పద్దెనిమిది పైచిలుకు. మీ ఇంటికి ఏడు బిందెలే వస్తున్నాయంటే మనిషికి 21 లీటర్లు. "నీళ్లు సరిగా రావట్లేదు" అనడానికీ "55 రావాల్సిన చోట 21 వస్తున్నాయి, ఇదిగో పద్నాలుగు రోజుల లెక్క" అనడానికీ చాలా తేడా ఉంది.

నీళ్ల పరీక్ష: రుచిని నమ్మొద్దు

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే.

"ఆ బోరింగు నీళ్లు కొబ్బరినీళ్ల మాదిరి ఉంటాయక్కా, వాటిని వదిలి ఉప్పునీళ్లు ఎవరు తాగుతారు?" అనే మాట మెట్టలో తరచూ వినపడుతుంది. సబ్బు నురగ రాకపోవడం, పప్పు ఉడక్కపోవడం, గిన్నె అడుగున తెల్లగా గార కట్టడం, ఇవన్నీ కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే కాఠిన్యం గుర్తులు. ఫ్లోరైడ్ వేరు. మన బోర్లలో ఉండే మోతాదులో దానికి రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు. పైగా కాల్షియం తక్కువగా ఉండే తేలిక నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండటానికి వీలుంది. అంటే నాలుకకి నచ్చిన బోరే పిల్లల పళ్లని గారపట్టించేది కావచ్చు.

ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బే ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి వైద్య పత్రికలో మొదట రాసింది 1937లో, ఇక్కడి నుంచే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. డాక్టర్ల కంటే ముందే రైతులు ఆ జబ్బుని దున్నే ఎద్దుల్లో చూశారు. కీళ్లు బిగుసుకుపోయి ఎడ్లు నడవలేకపోయేవి. 2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో తీసుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. అంటే ఇది మీ ఊరివాళ్ల అనుమానం కాదు, సర్కారు రికార్డులో ఉన్న సంగతే. అర్జీలో ఈ మాట రాయొచ్చు.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటితే తాగడానికి పనికిరాదు.

పరీక్ష కిట్ ఊళ్లోనే ఉండాలి. జల్ జీవన్ మిషన్ ప్రకారం ప్రతి ఊళ్లోనూ ఐదుగురు మహిళలకి ఈ కిట్ వాడటం నేర్పాలి. ఆ ఐదుగురూ ఎవరో సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడగండి. పేర్లు కాగితం మీద, కిట్ బీరువాలో ఉండటం మామూలే. మీ సంఘంలోని వాళ్లకే శిక్షణ ఇవ్వమని రాసివ్వండి. కిట్ చేతికి రాగానే మందు సీసాల మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి. గడువు దాటిన మందుతో చేసిన పరీక్ష చేయనట్టే.

నీళ్లు పట్టే పద్ధతి: బోరింగు అయితే ఐదు నిమిషాలు కొట్టి పారబోశాకే పట్టాలి, పైపులో నిలిచిన నీళ్లు పనికిరావు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాని అదే నీళ్లతో మూడుసార్లు తొలవండి. సబ్బు వాడొద్దు. నిండుగా పట్టి మూత బిగించి వెంటనే చీటీ అంటించండి: ఏ బోరు, ఏ వీధి, తేదీ, ఎన్ని గంటలకి, ఎవరు పట్టారు. చీటీ తర్వాత రాద్దాంలే అనుకుంటే ఇంటికొచ్చేసరికి నాలుగు సీసాలూ ఒకేలా ఉంటాయి.

ఫ్లోరైడ్ పరీక్షలో మందు కలిపాక గులాబీ రంగు నిలిస్తే తక్కువ, పసుపు వైపు తిరిగేకొద్దీ ఎక్కువ. కిట్‌తో వచ్చిన రంగుల చార్టుని పగటి వెలుతురులో పక్కన పెట్టి చూడండి, ట్యూబులైటు కింద వద్దు. ఇద్దరు విడివిడిగా చూసి అంకె రాసుకుని, ఆ తర్వాత ఒకరికొకరు చెప్పుకుంటే మంచిది.

కిట్‌లో చిన్న గాజుసీసాలు కూడా ఉంటాయి, మలినం పరీక్షకి. చేయి లోపల తగలకుండా గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి ఇంట్లోనే ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లగా మారితే ఆ నీళ్లలో మలం కలిసినట్టు అనుమానించాలి.

మనకి పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో. కాబట్టి మే నెలాఖరులో, బోర్లు అడుగంటినప్పుడు ఒకసారి, వానలు తగ్గాక డిసెంబరు, జనవరిల్లో ఇంకోసారి పరీక్ష చేయండి. ఎండాకాలం పరీక్ష ఫ్లోరైడ్ లెక్కకి, వానల తర్వాతది మలినం లెక్కకి. కిట్‌లో తేడాగా వచ్చిన ప్రతి బోరు నీళ్లనీ గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకి పంపించి, రాతపూర్వకంగా రిపోర్టు తెచ్చుకుని పుస్తకంలో అంటించండి. కిట్ అనుమానం చెబుతుంది. అధికారి ఎదుట నిలబడేది ల్యాబు కాగితం.

ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే

కాచితే పోదు. కాచేకొద్దీ నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగ్ వేసినా పోదు. వడపోత గుడ్డ, కుండ, రాగి బిందె, ఏవీ దీనికి మందు కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపే నల్గొండ పద్ధతి ఉంది, నాగపూర్‌లోని నీరీ సంస్థ కనిపెట్టింది. అయితే మీ నీళ్ల గుణాన్ని బట్టి మోతాదు లెక్కగట్టాలి. కొలత తెలియకుండా ఇంట్లో పటిక పడేసుకోవద్దు.

ఊళ్లలో అందరూ చేస్తున్నది క్యాను నీళ్లు కొనడం. మంచిదే, కానీ క్యాను తాగడానికి వాడి, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతో వండుతున్నారు. నాలుగు గ్లాసుల బియ్యానికి ఎనిమిది గ్లాసుల ఎసరు పోశారనుకోండి, గంజి వార్చకపోతే ఆ ఫ్లోరైడంతా అన్నంలోనే ఉంటుంది. పప్పు, చారు, టీ సంగతీ అంతే. ఇంట్లో వాళ్లు తాగేదెంతో వంటలో పోసేదెంతో ఒక రోజు కొలిచి చూడండి, తెలిసిపోతుంది. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి ఎనిమిది నుంచి పది లీటర్లు కావాలి. ఐదుగురింటికి 50 లీటర్లు, అంటే రెండున్నర క్యాన్లు. ఒక్క క్యాను కొంటున్న ఇల్లు సగం కూడా దాటలేదన్నమాట.

క్యాను ఐదో పదో రూపాయలే కదా అనిపిస్తుంది. కూలికి పోయే ఇంట్లో రోజుకి రెండు మూడు క్యాన్లంటే మోయలేని ఖర్చు. అందుకే ఇది ఇంటి సమస్యగా కాదు, ఊరి అర్జీగా వెళ్లాలి. ఫ్లోరైడ్ ఊళ్లకి పైపుల్లో మంచినీళ్లు అందేదాకా తాగడానికీ వంటకీ మనిషికి 8 నుంచి 10 లీటర్ల చొప్పున ఊరుమ్మడి శుద్ధి ప్లాంటు పెట్టాలని జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. "మినరల్ ప్లాంటు కావాలి" అని రాయకండి. "మార్గదర్శకాల ప్రకారం మనిషికి 8-10 లీటర్ల శుద్ధి నీరు ఇవ్వాలి, మా బోరు రిపోర్టు జతచేశాం" అని రాయండి.

ఊళ్లో ఆర్వో ప్లాంటు ఉంటే దాని నీళ్లనీ పరీక్షించండి. అక్కడ పెట్టిన మీటరు చూపించేది టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం మాత్రమే, ఫ్లోరైడ్ కాదు. ప్లాంటు వదిలేసే నీళ్లు ఎటు పోతున్నాయో కూడా చూడండి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ బోరులో కంటే ఎక్కువ. గొడ్ల తొట్టిలోకి మళ్లిస్తుంటే ఆపించండి, ఎద్దుల సంగతి పైన చెప్పుకున్నాం.

తాగడానికి పనికిరాని బోరింగు కనపడేలా ఎర్ర రంగు వేయించండి. బట్టలకీ గిన్నెలకీ వాడుకోవచ్చు, పీకేయక్కర్లేదు. పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ చారలుంటే ఏఎన్ఎంకి చెప్పి పేర్లు రాయించండి. తిండిలో పాలు, పెరుగు, రాగి అంబలి, మునగాకు, నిమ్మ, ఉసిరి పెరిగితే కొంత మేలు. అయితే నీళ్లు మార్చకుండా తిండి ఒక్కటీ మార్చి ప్రయోజనం లేదు.

కమిటీలో పేరు, గ్రామసభలో మాట

ప్రతి ఊళ్లోనూ గ్రామ నీటి, పారిశుధ్య కమిటీ ఉండాలి. సభ్యులు పది నుంచి పదిహేను మంది, వాళ్లలో సగం మంది మహిళలు. మీ ఊళ్లో అది ఇప్పటికే "ఉండొచ్చు", మీకు తెలియకుండా. పంచాయతీ కార్యదర్శిని సభ్యుల జాబితా అడగండి. తన పేరు అందులో ఉందని తెలియక నోరు తెరిచే ఆమె ఎవరో ఒకరు బయటపడితే ఆశ్చర్యపోకండి. జాబితా మార్చాలంటే గ్రామసభ తీర్మానం కావాలి. మీ సంఘం నుంచి ఇద్దరి పేర్లు, చివరి వీధి నుంచి ఒకరి పేరు ముందే నిర్ణయించుకుని వెళ్లండి.

గ్రామసభలో ఆడవాళ్లు వెనక నిలబడి, చివర్లో ఒకరు ఏదో అనబోతుంటే "సరే సరేమ్మా, చూద్దాం" అని ముగిస్తారు. దీనికి విరుగుడు, ముందే రాసిన కాగితం. చాలా ఊళ్లలో సర్పంచి ఆవిడ, మాట్లాడేది పక్కన కూర్చున్న ఆయన. మీరు మాత్రం "అమ్మా, మీకే చెబుతున్నాం" అని ఆవిడకేసి చూసి మాట్లాడండి. ఆవిడకి కూడా అది అవసరమే.

కాగితం ఇలా ఉంటే చాలు:

"గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి. ఫలానా తేదీ నుంచి పద్నాలుగు రోజులు మా సంఘం రాసిన లెక్క ప్రకారం ఫలానా వీధిలోని ఇన్ని ఇళ్లకి మనిషికి రోజుకి ఇన్ని లీటర్లే అందుతున్నాయి. ఫలానా బోరులో ఫ్లోరైడ్ ఇంత ఉన్నట్టు ల్యాబు రిపోర్టు వచ్చింది. నకళ్లు జతచేశాం. ఈ విషయం నేటి గ్రామసభ మినిట్స్‌లో రాసి, తీసుకునే చర్య, గడువు తేదీ చెప్పగలరు. ఇట్లు, సంఘం సభ్యుల సంతకాలు."

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు సంతకం, స్టాంపు, తేదీ వేయించుకోండి. "అవసరంలేదమ్మా, నేనున్నాగా" అంటే నవ్వుతూనే నిలబడి వేయించుకోండి.

డబ్బుల్లేవని చెబితే ఒక ప్రశ్న అడగండి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో (2021-26) 60 శాతం ఇష్టమొచ్చిన పనికి వాడటానికి వీల్లేదు. 30 శాతం తాగునీటికి, 30 శాతం పారిశుధ్యానికి పోవాలి. "ఆ రెండు ముప్పైలూ మన ఊళ్లో దేనికి ఖర్చయ్యాయి?" అని సభలో అడిగి, జవాబు మినిట్స్‌లో రాయమనండి. ఈ ప్రశ్న తరవాత మీ మాట వినే తీరు మారుతుంది.

ట్యాంకు, బ్లీచింగ్

ట్యాంకు నెలకి రెండుసార్లు కడగాలి. కడిగిన తేదీ, మళ్లీ కడగాల్సిన తేదీ ట్యాంకు కాలు మీద పెయింటుతో రాయించండి. కడిగేటప్పుడు సంఘం నుంచి ఒకరు అక్కడుండాలి. తేదీ మార్చి రాయడం ట్యాంకు కడగడం కంటే తేలిక మరి.

బ్లీచింగ్ వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు, అదీ తాజా పొడి అయితే. నలభై వేల లీటర్ల ట్యాంకుకి 100 గ్రాములు, అరవై వేల దానికి 150. చేతికొచ్చినంత గుప్పిట్లో తీసి చల్లడం చూస్తుంటాం. కిరాణా కొట్లో ఒకసారి తూచి, ఒక ప్లాస్టిక్ డబ్బా మీద ఆ కొలతకి గీత పెట్టుకుంటే రోజూ అదే కొలత. పొడిని బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత ముప్పాతిక బకెట్ నీళ్లు పోసి కలియబెట్టి పది నిమిషాలు వదిలేయండి. సున్నం అడుగుకి దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోయాలి. కనీసం అరగంట ఆగాకే ఊరికి వదలాలి. సంచి మూతి తెరిచి ఎండలో ఉంచిన బ్లీచింగ్‌లో ఘాటు చచ్చిపోతుంది, మూత గట్టిగా ఉన్న డబ్బాలో నీడన ఉంచండి.

సరిపోయిందో లేదో చూడాల్సింది ట్యాంకు దగ్గర కాదు, చిట్టచివరి కొళాయి దగ్గర. క్లోరిన్ పరీక్షలో అక్కడ లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా చూపించాలి. మొదటి కొళాయిలో ఉండి చివర లేకపోతే, లైను మధ్యలో ఎక్కడో మురుగు కలుస్తోందనో వేసిన మోతాదు చాలలేదనో అర్థం. వాసనొస్తోందని పారబోసే అత్తగారుంటే బిందె మీద పలుచటి గుడ్డ కప్పి కాసేపు ఉంచమనండి, వాసన తగ్గుతుంది.

కొళాయికి మోటారు బిగించినవాళ్లు

ఇది సున్నితమైన విషయం, ఎందుకంటే బిగించింది పరాయివాళ్లు కాదు, మీ సంఘంలో అప్పు తీసుకున్న వదినే కావచ్చు. న్యాయం మాట ఎత్తితే గొడవవుతుంది. జబ్బు మాట ఎత్తండి, ఎందుకంటే అసలు ప్రమాదం అదే. మోటారు లాగినప్పుడు పైపులోపల ఒత్తిడి పడిపోతుంది. అతుకు వదులైన చోట పక్కన పారే మురుగుకాల్వ నీళ్లని పైపు లోపలికి పీల్చుకుంటుంది. ఆ నీళ్లు మోటారు ఉన్న ఇంటికే ముందు వస్తాయి. వీధిలో పిల్లలకి విరేచనాలు పట్టుకున్నప్పుడు గాజుసీసా పరీక్ష ఆ ఇంటి కొళాయి దగ్గర చేసి చూపించండి.

ఆ తర్వాత నీళ్లు వదిలే అన్నతో కూర్చోండి. "అన్నా, మా వీధికి ఈరోజు కూడా రాకపాయె" అని రోజూ దెబ్బలాడే బదులు, పుస్తకం చూపించి వీధికో వేళ రాసుకోండి. చివరి వీధికి ముందు వదిలి, ట్యాంకు దగ్గరివాళ్లకి ఆఖర్న వదలాలి. వాల్వు లేని చోట వాల్వు పెట్టించమని అర్జీలో చేర్చండి. వేళల పట్టికని సచివాలయం గోడకీ రచ్చబండకీ అంటించండి. ఆయనకి జీతం నెలలు తరబడి ఆగిపోతే నీళ్లూ ఆగుతాయి, అందుకే ఆ సంగతి కూడా గ్రామసభలో మీరే అడగండి.

మరుగుదొడ్డి: కట్టేటప్పుడు ఆడవాళ్లు చూడాల్సినవి

స్వచ్ఛభారత్ కింద ఇచ్చే ప్రోత్సాహకం రూ.12,000. అది మొత్తం ఖర్చు కాదు, అందుకే మేస్త్రీ ఎక్కడో ఒకచోట తగ్గిస్తాడు. ఎక్కడ తగ్గించకూడదో మీకు తెలిసుండాలి.

మొదటిది ప్యాన్. లోపల బాగా వాలుగా ఉండే గ్రామీణ ప్యాన్‌కి ఒకటిన్నర, రెండు లీటర్లు పోస్తే శుభ్రమవుతుంది. మామూలు ప్యాన్‌కి అంతకంటే చాలా ఎక్కువ పోయాలి. విడతకి ఐదు లీటర్లు మిగిలినా ఐదుగురింట్లో రోజుకి 25 లీటర్లు, దాదాపు రెండు బిందెలు. ఆ బిందెలు మోసేదెవరో షాపులో ప్యాన్ ఎంచే ఆయనకి గుర్తుండదు. మరుగుదొడ్డిలో కట్టెలు పేర్చి చెంబు పట్టుకుని చీకట్లో బయటికి పోయే ఊళ్లలో "అలవాటు మారలేదు" అంటారు గానీ, అక్కడ నీళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయో ముందు చూడాలి.

రెండోది గుంతలు. రెండు ఉండాలి, ఒక్కో సమయంలో ఒక్కటే వాడాలి. మీటరు వెడల్పు, మీటరుకి కొంచెం ఎక్కువ లోతు చాలు. చుట్టూ ఇటుకల మధ్య సందులు వదిలి కట్టాలి, అడుగున సిమెంటు వేయొద్దు, నీళ్లు ఇంకాలి. రెండు గుంతల మధ్య మీటరు ఎడం, బోరు నుంచి కనీసం పది మీటర్ల ఎడం ఉండాలి. మేస్త్రీకి "లోతుగా తవ్వు" అని చెప్పడం గొప్పనుకుంటారు. అది తప్పు, భూగర్భ జలానికి దగ్గరవుతుంది. కోవూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు డెల్టా ఊళ్లలో నీటిమట్టం పైకి ఉంటుంది కాబట్టి అక్కడ గుంతని ఇంకా తక్కువ లోతులో, నేలకి ఎత్తుగా కట్టించాలి.

రెండు పైపులు చీలే చోట చిన్న గది ఉంటుంది. అందులో ఒక దారిని ఇటుక, మట్టితో మూసేయాలి. చాలా ఇళ్లలో రెండూ తెరిచే ఉంటాయి, రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి. మూసిన తేదీ గోడ మీద రాయండి. ఒకటి నిండటానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. అప్పుడు రెండోదానికి మళ్లించి మొదటిదాన్ని రెండేళ్లు కదిలించకుండా వదిలేస్తే, తీసేది వాసన లేని నల్లటి ఎరువు. నిమ్మచెట్టుకి వేసుకోవచ్చు.

యాసిడ్, ఫినాయిల్ ప్యాన్‌లో పోయకండి, గుంతలో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ప్యాడ్లు, గుడ్డలు లోపల వేయకండి. తలుపుకి లోపల గడియ, ఒక మేకు, మూతున్న డబ్బా, పైన వెలుతురుకి సందు, ఇవి అంచనాలో ఉండవు. మీరే చెప్పి పెట్టించుకోవాలి.

స్నానాల నీళ్లకి ఇంకుడు గుంత ఉపాధి హామీలో అడగొచ్చు. తాగే బోరు పక్కన మాత్రం వద్దు.

జవాబు రాకపోతే

అర్జీ ఇచ్చిన పదిహేను రోజులకి ఒకసారి వెళ్లి అడగండి. ముగ్గురు వెళ్లండి, ఒక్కరు వద్దు. పుస్తకంలో "ఫలానా తేదీన అడిగాం, ఫలానా జవాబిచ్చారు" అని రాయండి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో పాత అర్జీ నకలు జతచేసి ఇచ్చి, రసీదు నంబరు తీసుకోండి. కొత్త అర్జీ రాస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది, పాతదాన్నే పొడిగించాలి.

సమాచార హక్కు కూడా వాడుకోండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. "నీళ్లు ఎందుకు రావట్లేదు" అని అడిగితే జవాబు రాదు, అది సమాచారం కాదు. కాగితాలు అడగాలి: ఫలానా సంవత్సరంలో ట్యాంకు కడిగిన రిజిస్టరు నకలు, కొన్న బ్లీచింగ్ బిల్లులు, మన ఊరి బోర్ల పరీక్ష రిపోర్టులు, నీటి కమిటీ సభ్యుల జాబితా, ఆ కమిటీ మీటింగుల మినిట్స్. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ గడువు ముగిసిన ముప్పై రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆ తేదీని దరఖాస్తు ఇచ్చిన రోజే పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసిపెట్టుకోండి.